మందా? గుంపా?

సందేహం: ఆరో తరగతి పిల్లలకు 'జతపరచండి' అని ఒక ప్రశ్న ఇచ్చాం. ఒకవైపు ఆవులు, గొర్రెలు, కోళ్లు, పందులు. ఇంకోవైపు మంద, గుంపు, మూక, దండు. ఏది దేనికి చెందుతుందో మా ఉపాధ్యాయుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లీషులోలాగా తెలుగులో ఒక్కో జంతువుల గుంపుకు ఒక్కో పేరు ఉందా? 'కోళ్ల మంద' తప్పా? 'గొర్రెల మంద వచ్చింది' అనాలా, 'వచ్చాయి' అనాలా?

సమాధానం: చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అది ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకంలో పుట్టి తెలుగు పుస్తకంలోకి వచ్చినట్టుంది. గుంపుకు పేరు పెట్టేటప్పుడు తెలుగు 'ఏ జంతువు?' అని ముందుగా అడగదు. అది ఏం చేస్తోంది, దాని వెనక మనిషి ఉన్నాడా అని అడుగుతుంది.

మందనే తీసుకోండి. మంద అనగానే వెనక కర్ర పట్టుకున్న కాపరి కనిపిస్తాడు. మందను తోలుకుపోతారు, మందలో కలుపుతారు, పొలంలో మంద కట్టిస్తారు. ఈ చివరి మాట చూడండి. ఎరువు కోసం రాత్రంతా గొర్రెలను చేలో నిలపడమే మంద కట్టించడం. ఇక్కడ మంద అంటే జీవాలు మాత్రమే కాదు, అవి ఆగిన చోటు కూడా. పాత కావ్యాల్లో గొల్లపల్లెను కూడా మంద అన్నారు. కన్నడంలో 'మందె', తమిళంలో 'మందై' దీని తోబుట్టువులే. మందగమనం, మందబుద్ధి అనే మాటల్లోని సంస్కృత 'మంద'తో దీనికి చుట్టరికం లేదు. మెల్లగా నడుస్తుంది కాబట్టే మంద అయిందని ఒక మిత్రుడు నాతో వాదించాడు. మేకల వెనక ఒక్క పూట తిరిగినవారు ఎవరూ ఆ మాట అనరు.

కోళ్ల సంగతి దీన్నిబట్టే తేలుతుంది. బాతుల మంద అని ధారాళంగా అంటాం, ఎందుకంటే బాతులను కోసిన వరిచేల వెంట తోలుకుంటూ తిరిగే కాపరులు ఉన్నారు. కోళ్లను అలా ఎవరూ తోలరు. పొద్దున గంప ఎత్తగానే ఎటువి అటు పోతాయి. అందుకే కోళ్ల మంద అంటే చెవికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది; కోళ్ల గుంపు చాలు. తల్లి వెంట పిల్లలు కదిలితే దానికి చక్కని మాట ఉంది, పిల్లలకోడి. ఆకాశంలో గుత్తిగా కనిపించే కృత్తికలకూ పల్లెల్లో అదే పేరు. ఇక ఫారాల్లో వేలకొద్దీ పెంచేవారిది వేరే లెక్క, వాళ్లు 'బ్యాచ్' అంటారు. కలిసి వచ్చి కలిసి పోయేవాటికి ఆ మాట సరిగ్గానే అతికింది.

పందులు ఇంకా మంచి ఉదాహరణ. ఒకరు మేపుకుంటున్నవైతే పందుల మంద. రాత్రివేళ వేరుశనగ చేను మీద పడ్డాయా, అడవిపందుల దండు. జంతువు అదే, పేరు మారింది. దండుకు దాడి గుణం ఉంది, అందుకే మిడతలదీ దండే. మూకకు అల్లరి ఉంది: కోతిమూక, కుక్కల మూక. ఆవులను మూక అంటే ఆవులకే అవమానం. గుంపు ఎవరి పక్షమూ కాదు, ఎక్కడైనా ఒదుగుతుంది. జింకల మంద, ఏనుగుల మంద అని రాసేవారు చాలామందే ఉన్నారు. తప్పని కొట్టేయను కాని, కాపరి లేనివాటికి నేనైతే గుంపు అనే రాస్తాను.

నాకు బాగా ఇష్టమైన మాట బంతి. కళ్లంలో పంట నూర్చేటప్పుడు పశువులను పక్కపక్కన వరసగా ఒకే తాటికి కట్టి, పరిచిన పనల మీద గుండ్రంగా తిప్పుతారు. బంతి కట్టడం అంటే అదే. సంస్కృత 'పంక్తి' ఇలా మారింది. పెళ్లి భోజనాల బంతీ, నూర్పిళ్ల బంతీ ఒకటే మాట. అవే ఎడ్లు దుక్కికి పోతే కాడి, సంతకు పోతే జత. సాయంత్రం మేపు నుంచి ఒకదాని వెనక ఒకటి ఇంటిదారి పడితే బారు.

జంతువుల పేర్లను కలుపుకుపోయే మాటలూ ఉన్నాయి. గొర్రెలనూ మేకలనూ కలిపి 'జీవాలు' అంటారు. ఇంట్లో ఉన్న పశువులన్నీ కలిసి గొడ్డూగోదా. పంది ఒక కాన్పులో పెట్టిన పిల్లలన్నీ ఒక ఈత పిల్లలు. ఆవుల మందకు ఆలమంద, ఆలకదుపు అని పాత మాటలు. ఆవుకు పాత బహువచనం 'ఆలు', దాని నుంచే ఆలకాపరి వచ్చాడు. ఆలుమగలలోని ఆలు వేరు, కంగారు పడవద్దు.

జంతువుకొక పేరు కావాలంటే సంస్కృతంలో ఉన్నాయి. అమరకోశంలో గొర్రెల గుంపు ఔరభ్రకం, మేకలది ఆజకం, ఎద్దులది ఔక్షకం, దూడలది వాత్సకం. ఇవేవీ తెలుగువాడి నోటికి ఎక్కలేదు. అదే కోశం పశువుల గుంపును సమజం అని, ఇతరుల గుంపును సమాజం అని వేరు చేసింది. తేడా ఒక్క దీర్ఘమే. తెలుగులోనూ అలాంటి జంట ఉంది: పశువులు మంద, మనుషులు మంది. మజ్జిగ పలచనయ్యేది మంది ఎక్కువైనప్పుడు. 'మంద ఎక్కువైతే' అని రాసేవారు గమనించాలి, మంద ఎక్కువైతే మజ్జిగా ఎక్కువే అవుతుంది.

ఇక క్రియ. 'గొర్రెల మంద వచ్చింది' సరైనది. మంద ఒక్కటే, అందులో వెయ్యి గొర్రెలున్నా సరే. 'రెండు మందలు వచ్చాయి', 'మందలోని గొర్రెలు వచ్చాయి' అనవచ్చు. 'గొర్రెల మంద పట్టాలు దాటుతూ చనిపోయాయి' లాంటి వాక్యాలు వార్తల్లో కనిపిస్తుంటాయి. చనిపోయినవి గొర్రెలు, మంద కాదు. ఎన్ని పోయాయో రాస్తే వాక్యం దానంతట అదే చక్కబడుతుంది.

కోళ్ల మంద అని జతపరిచిన పిల్లలకు మార్కు తగ్గించకండి, తప్పు ప్రశ్నది. వచ్చే పరీక్షలో జతపరచమనడం మానేసి, తాము చూసిన ఒక పశువుల గుంపు ఏం చేస్తోందో రెండు వాక్యాల్లో రాయమనండి. బంతి, బారు ఎంతమందికి తెలుసో చూద్దాం.