వైఫై ఆప్షనే మాయమైందా? ఫార్మాట్‌కు తొందరపడకండి

ప్రశ్న: రాత్రి దాకా బాగానే పనిచేసిన నా ల్యాప్‌టాప్‌లో తెల్లారేసరికి వైఫై గుర్తు లేదు. సెట్టింగ్స్‌లో ఆ ఆప్షనే మాయం, ఎయిర్‌ప్లేన్ మోడ్ మాత్రం కనిపిస్తోంది. అమలాపురంలో చూపిస్తే విండోస్ ఫార్మాట్ చేయాలన్నారు. ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. ఏం చేయమంటారు సార్?
– డిగ్రీ విద్యార్థిని, ముమ్మిడివరం

జవాబు: ఫార్మాట్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండమ్మా. తప్పు విండోస్‌దా, వైఫై కార్డుదా (లోపల సిగ్నల్ అందుకునే చిన్న భాగం) అన్నది తేలకుండా ఫార్మాట్ కొడితే ఫైళ్లూ పోతాయి, డబ్బూ పోతుంది, వైఫై మాత్రం రాకపోవచ్చు.

ముందు ప్రాజెక్టును కాపాడుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. నెట్ వచ్చేస్తుంది, దానికి వైఫై కార్డుతో పనే లేదు. ఫైళ్లన్నీ గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించేయండి.

ఇక అసలు సంగతి. విండోస్ 8 నుంచీ ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా డ్రైవర్ల (కార్డు లాంటి భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్) స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే ఎక్కించుకుంటుంది. పైగా బ్యాటరీ లోపలే బిగించి ఉండే మోడళ్లలో, ఆఫ్ చేశాక కూడా కార్డుకు కాస్త కరెంటు అందుతూ ఉండొచ్చు. మొండికేసిన కార్డు అలాగే మొండికేసి ఉంటుంది. అందుకే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి. ఛార్జర్, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ పీకేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కిపట్టి వదిలేయండి. కాసేపాగి ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. ఇలా రాత్రికి రాత్రి మాయమైన కేసులు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

రాలేదా? విండోస్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. వ్యూ మెనూలో ‘షో హిడెన్ డివైసెస్’ ఎంచుకుని, నెట్‌వర్క్ అడాప్టర్స్ విప్పండి. ‘వాన్ మినీపోర్ట్’ పేర్లు బోలెడు ఉంటాయి, వాటిని వదిలేయండి. వైఫై, వైర్‌లెస్ లేదా 802.11 అని ఉన్నదే మనకు కావాలి. దాని మీద పసుపు త్రికోణం, తెరిస్తే కోడ్ 10 కనిపిస్తే కార్డు అందుతోంది కానీ స్టార్ట్ కావడం లేదన్నమాట. మోడల్ నంబరుతో తయారీ కంపెనీ సైట్‌కు వెళ్లి డ్రైవర్ తెచ్చుకోండి, ‘డ్రైవర్ అప్‌డేటర్’ సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు. పేరు వెలిసిపోయినట్టు ఉండి కోడ్ 45 చూపిస్తే, లేదా పేరే లేకపోతే, విండోస్‌కు కార్డు కనపడట్లేదు. వీడియోల్లో చెప్పే నెట్‌వర్క్ రీసెట్‌తో అప్పుడు లాభం లేదు.

అక్కడ నిజం తేల్చేది ఉబుంటు, అంటే విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ మోడ్‌లో నడపండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి, లేదంటే కొత్త తలనొప్పి. వైఫై అందులో వస్తే తప్పు విండోస్‌ది, అప్పుడు ఫార్మాట్ గురించి ఆలోచిద్దాం. అందులోనూ లేకపోతే అనుమానం కార్డు మీదకో, స్లాటు మీదకో మళ్లుతుంది.

కోనసీమ తేమకు లోపలి కాంటాక్టులు మసకబారే అవకాశమూ లేకపోలేదు. కార్డు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవుతో చిన్న బిళ్లలా ఉంటుంది, దాని మీద రెండు సన్నని యాంటెన్నా వైర్లు. మెకానిక్ చేత బ్యాటరీ కనెక్టర్ తీయించాకే కార్డు విప్పించి, కాంటాక్టులు తుడిపించి, మళ్లీ బిగించమనండి. పల్చటి మోడళ్లు కొన్నింటిలో మదర్‌బోర్డుకే అతికించేస్తారు, వాటికి ఈ వైద్యం కుదరదు. కార్డు మార్చాల్సి వస్తే జాగ్రత్త: ఇంటెల్ ఏఎక్స్201 లాంటివి కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లతోనే పనిచేస్తాయి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెట్టినా దండగే. ఇంత తతంగం వద్దనుకుంటే యూఎస్‌బీ వైఫై డాంగిల్ చాలు.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో పక్కింటి వైఫైలన్నీ కనిపిస్తున్నాయి, నా ఫోన్ హాట్‌స్పాట్ మాత్రం కనిపించదు. కార్డు పోయిందా?
– పాలకొల్లు నుంచి ఓ పాఠకుడు

జవాబు: పోలేదండీ. మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో హాట్‌స్పాట్ ఇస్తూ ఉండాలి, మీ కార్డుకు 2.4 తప్ప తెలియదు. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కి మార్చండి. ఐఫోన్ అయితే ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేయండి.