పైన గలగల, లోపల మెత్తన

ప్రశ్న: చాచా, సలాం. నేను ధర్మాబాద్‌ల ఒక మిర్చి అడ్తిల లెక్కలు రాస్త. బరువు రావాలని సేటు బస్తాలకు నీళ్ళు కొట్టిస్తడు, కొనేటోళ్ళు అడిగితే "పొద్దున మంచు పడ్డది, అంతే" అని నాతోనే చెప్పిస్తడు. సరుకు నాది కాదు, లాభం నాకు రాదు. మరి ఈ అబద్ధం ఎవరి ఖాతాల పడుతది? (పేరు వద్దు)

జవాబు: వాలేకుం సలాం బేటా. లెక్కలు రాసేటోనివి గదా, ప్రశ్న గూడ లెక్క లాగనే అడిగినవ్. ఇద్దరి ఖాతాల పడుతది. నీళ్ళు సేటు కొట్టించిండు, మంచు అన్న మాట మాత్రం నీ నోట్లకెళ్ళే వచ్చింది. పాపంల ఒకరికొకరు తోడు కావద్దని ఖురాన్ 5వ సూరా (అధ్యాయం), 2వ వాక్యం, అంటే ఆయత్‌ల సాఫ్‌గ ఉన్నది, జీతగాళ్ళకు మినహాయింపు అని పక్కన ఏం రాసి లేదు.

చిన్నప్పుడు మా నాయన ఎంబడి నేను గూడ అడ్తికి పోయేటోన్ని. ఆయన బస్తా మూతి ఇప్పి మోచేతి దాంక చెయ్యి లోపలికి దోపి పిడికెడు కాయలు తీసి చెవి కాడ ఊపేటోడు. పైన కాయలు గలగల అంటయ్, లోపలివి సప్పుడే చెయ్యవు, ఇరిస్తే ఇరగవు, వంగుతయ్. అమ్మేటోన్ని ఒక్క మాట అనకుండ చెయ్యి దులుపుకొని పక్క కుప్ప కాడికి పోయేటోడు, ఆ అమ్మేటోని మొఖం నాకు ఇప్పటికీ యాదికున్నది. పెద్దగైనంక హదీసు (ప్రవక్త మాటలు, పనుల కథనం) చదివితే అచ్చం ఇదే కథ. ప్రవక్త (స) ఒక ధాన్యం కుప్ప పక్కనుంచి పోతూ లోపల చెయ్యి పెట్టిండు, వేళ్ళకు తడి తగిలింది. ఇదేంది అంటే వాన పడ్డది అన్నడు కుప్ప ఆసామి. మరి జనం చూసేటట్టు తడిది పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేటోడు మావాడు కాదు అని ప్రవక్త (స) అన్నడు. జర చూడు బేటా, అక్కడ వాన నిజంగనే పడ్డది! అయినా దాచినందుకు అంత మాట పడ్డది, ఇక్కడ మంచు గూడ పడలే.

ఒకటి ఒప్పుకుంట. మరీ ఎండిన కాయ తొక్కేటప్పుడు తునకలైతదని కొద్దిగ నీళ్ళు చల్లుడు బజార్ల ఉన్నదే, కొనేటోనికి గూడ ఎరికే. అది దాచకుండ "నీళ్ళు కొట్టిన సరుకు, చూసుకొని రేటు కట్టుండ్రి" అంటే అబద్ధం లేదు. అమ్మేటోడు కొనేటోడు ఇద్దరు నిజం చెప్పి లోపం బయట పెట్టుకుంటే బేరంల బర్కత్ (దేవుని దీవెన) ఉంటది, దాస్తే ఆ బర్కత్ పోతదని హకీం బిన్ హిజామ్ చెప్పిన హదీసు ఉన్నది. పచ్చి సరుకు నాలుగు దినాలకే బూజు పడుతది, అప్పుడు ఎట్లాగూ తెలుస్తది.

నౌకరి పోతదని భయం గదా నీది, నువ్వు రాయకున్నా అర్థమైంది. హిజ్రీ 9ల, అంటే 630ల, ప్రవక్త (స) ఎంబడి తబూక్ యుద్ధ ప్రయాణానికి పోకుండ ఇంట్ల ఉండిపోయినోళ్ళు తలో సాకు చెప్పి బయటపడ్డరు. ప్రవక్త సహచరుడు కఅబ్ బిన్ మాలిక్ మాత్రం నాకు ఏ సాకూ లేదు అన్నడు. ప్రవక్త (స) మాట్లాడొద్దన్నందుకు 50 రోజులు ఆయనతోని ఊరంత మాట్లాడలే, సొంత చిన్నాయన కొడుకు గూడ సలాంకు జవాబియ్యలే. ఆ తర్వాతనే మాఫీ వచ్చింది, నిజాయితీపరుల ఎంబడి ఉండుండ్రి అనే 9:119 ఆయత్ ఆ మాఫీ ఆయత్ పక్కనే ఉంటది. నిజం చెప్తే నష్టమే రాదు అని నేను చెప్పను, ఆయనకు 50 రోజులు వచ్చింది. సేటుకు ఒకసారి చెప్పి చూడు, "నేను లెక్కలు రాస్త, ఈ మాట మీరే చెప్పుకోండ్రి" అని.

ప్రశ్న: కాకా నమస్తే. ముస్లింలు వేరే మతంవాళ్ళకు అబద్ధం చెప్పొచ్చని మీ మతంలనే ఉన్నదట, దాని పేరు తఖియ్యా అట, వాట్సాప్‌ల తిరుగుతున్నది. కోపం చెయ్యకుండ్రి. (దెగ్లూర్)

జవాబు: కోపమెందుకు తమ్మీ, అడగకుండ ఫార్వర్డ్ కొట్టేటోళ్ళతోనే తంటా. విన్నదల్లా చెప్పుకుంట తిరిగితే అబద్ధాలకోరు అనడానికి అదే చాలు అని హదీసే ఉన్నది. తఖియ్యా అంటే ప్రాణం మీదికొచ్చినప్పుడు విశ్వాసం దాచుకునుడు. మక్కాల ఇస్లాం విరోధులు ప్రవక్త సహచరుడు అమ్మార్ బిన్ యాసిర్ తల్లి సుమయ్యను చంపిండ్రు, అమ్మార్‌ను హింసపెట్టి వాళ్ళకు కావాల్సిన మాట అనిపిచ్చుకున్నరు, ప్రవక్త (స) దగ్గరికి ఏడ్చుకుంట వచ్చిండు. మనసు విశ్వాసం మీదనే ఉంటే బలవంతంగ అనిపిచ్చిన మాటకు తప్పు లేదని 16:106 చెప్పుతది. షియాలు ఎన్నో కాలాలు దెబ్బలు తిన్నరు గనుక వాళ్ళ పండితులు దీని గురించి ఎక్కువ రాసిండ్రు. కాంటా కాడ వాడుకునేది కాదు ఇది. మక్కావాళ్ళు ప్రవక్తను (స) చంపాలని చూస్తనే తమ సొమ్ములు ఆయన దగ్గరనే దాచుకునేటోళ్ళు, 622ల ఊరు ఇడిచేటప్పుడు అవన్నీ ఎవరివి వాళ్ళకు అప్పజెప్పనీకి తన చిన్నాయన కొడుకు అలీని ఎనక ఉంచి పోయిండు. వాళ్ళ మతం వేరే గదా మరి.

ప్రశ్న: చాచా, మా అత్తమ్మకు, పెద్ద తోడికోడలికి ఆరు నెలలకెళ్ళి మాటల్లేవు. "అక్క మీ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నదని అడిగింది" అని అత్తమ్మతోని చెప్పిన. అక్క అడగనే లేదు. గునా (పాపం) అయితదా? (బిలోలి)

జవాబు: కాదమ్మా. ఇద్దరిని కలపనీకి మంచి మాట చేరేసేటోడు అబద్ధాలకోరు కాదని ఉమ్మె కుల్సూమ్ బిన్తె ఉఖ్బా చెప్పిన హదీసు ఉన్నది. యుద్ధం, రాజీ, ఆలుమగల మాటలు, ఈ మూడింట్లనే సడలింపు. అది గూడ నేరుగ అబద్ధమా, రెండర్థాల మాటనా అని ఆలిములు (మత పండితులు) కొట్లాడుకున్నరు. ప్రవక్త (స) మక్కా ఇడిచి మదీనాకు పోయిన హిజ్రత్ దారిల, ఆయనను చూపి "నీ ముందున్నది ఎవరు" అని అడిగితే ఎంబడి ఉన్న సహచరుడు అబూబకర్ "నాకు దారి చూపెటోడు" అన్నడు, విన్నోళ్ళు ఎడారి దారి అనుకున్నరు, అట్లాంటిది. నిజంతోనే పని అయ్యే కాడ అబద్ధం హరామే (నిషిద్ధమే) అని పాతకాలం పండితుడు గజాలీ రాసిండు. ఆలుమగల మాట అంటే ఒకరి హక్కు ఒకరు తినుడు గాదు, నా లెక్క బాసర స్టేషన్ల చాయ్ తాగుకుంట "బండి ధర్మాబాద్ దాటింది" అని ఫోన్‌ల చెప్పుడు అసలే గాదు. ఎనక అనౌన్స్‌మెంట్ వినబడి దొరికిపోయిన.

నీది వేరే లెమ్మా. ఇంతకీ మోకాళ్ళ మాట వింటే అత్తమ్మ ఏమన్నది? అది రాయనే లేదు.