ఏయూ పెద్దల జ్ఞాపకాలు రికార్డు చేయబోతున్న అమ్మాయికి

అమ్మా,

నీ ఉత్తరం అందింది. ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసి రిటైరైన వాళ్లని కలిసి, వాళ్ల ఉద్యోగ జీవితాలు వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి పుస్తకం తేవాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషమేసింది. ఎవరెవర్ని కలవాలో జాబితా కూడా పంపావు. ఇద్దరు మాజీ వైస్ ఛాన్సలర్లు, ఒక రిజిస్ట్రారు, మిగతా అందరూ ప్రొఫెసర్లు. ఒక్క అటెండరు లేడు. ల్యాబ్ అసిస్టెంటు లేడు. హాస్టల్ మెస్సులో వండిపెట్టినవాళ్లు, పరీక్షల విభాగంలో సర్వీసంతా గడిపినవాళ్లు ఎవరూ లేరు. ముందు ఆ జాబితా మార్చు, మిగతావన్నీ తర్వాత.

ప్రొఫెసర్ల గురించి ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది. పరిశోధన పత్రాలుంటాయి, అభినందన సంచికలుంటాయి, పాత విద్యార్థులు రాసిన వ్యాసాలుంటాయి. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరిన ఈ యూనివర్సిటీ కథ ఎవర్నడిగినా, బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకి నిరసనగా కట్టమంచి రామలింగారెడ్డి గారు వైస్ ఛాన్సలర్ పదవి వదులుకోవడం చెబుతారు, ఆ తర్వాత వచ్చిన రాధాకృష్ణన్ గారి గురించి చెబుతారు. చెప్పాల్సిన విషయాలే. కానీ ఆ రోజుల్లో జీతాల బిల్లులు ఎవరు రాసేవారో, లైబ్రరీకి వచ్చిన పుస్తకాల పెట్టెలు ఎవరు విప్పేవారో ఇక మనకి తెలిసే దారి లేదు. యుద్ధకాలంలో యూనివర్సిటీని గుంటూరుకి తరలించారు కదా, 1942లో ఇరవయ్యేళ్ల వయసులో ఆ బీరువాలు మోసిన మనిషి ఇవాళ ఉంటే నూరు దాటి ఉండేవాడు. ఆ తరం పోయింది. 1966లో ఇరవయ్యేళ్ల వాళ్లకి ఇప్పుడు ఎనభై. నీకు దొరికేది వాళ్లే. వాళ్లలో కూడా వయసులో పెద్దవాళ్లతో, ఒంట్లో బాగుండని వాళ్లతో మొదలుపెట్టు. మాజీ వైస్ ఛాన్సలర్ గారు వచ్చే నెలైనా దొరుకుతారు.

నాన్-టీచింగ్ వాళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయా అని టెన్షన్ పడకు. లైబ్రరీలో పాత థీసిస్‌లు తీసి కృతజ్ఞతల పేజీ చదువు. గైడు గారికి, తల్లిదండ్రులకి దండాలు పెట్టాక, చివర్లో ఒక వాక్యంలో స్టోర్ కీపరు పేరో, గాజు పరికరాలు ఊది చేసిచ్చిన గ్లాస్ బ్లోయర్ పేరో, టైపు చేసినాయన పేరో ఉంటుంది. ఒకే పేరు పది థీసిస్‌ల్లో కనిపించిందంటే ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాల్సిందే.

ఇప్పుడు అడగడం గురించి. మనవాళ్లకి వీడ్కోలు సభల్లో మాట్లాడటం బాగా అలవాటు. ఎదురుగా రికార్డరు పెట్టగానే శాలువా కప్పించుకున్నప్పటి గొంతు వచ్చేస్తుంది. "నా సర్వీసులో ఎన్నో ఒడిదుడుకులు ఎదుర్కొన్నాను" అంటారు. ఆ ఒడిదుడుకులేమిటో చెప్పరు. వాళ్లది తప్పు కాదు, మనం అడిగే ప్రశ్న అలా ఉంటుంది. "మీ విజయాలేమిటి" అంటే వచ్చేది ప్రసంగమే. పని గురించి అడుగు. పనిలో కూడా చేతులు చేసినదాని గురించి అడుగు.

పరీక్షల విభాగంలో రిటైరైన ఒక పెద్దాయన్ని "మీ పని ఎలా ఉండేదండీ" అని అడిగితే "చాలా బాధ్యతగల పని" అని ఊరుకున్నారు. "పొద్దున్న సీట్లో కూర్చోగానే ముందు చేతిలోకి ఏం తీసుకునేవారు" అన్నాను. ఇక ఆయన ఆగలేదు. జవాబు పత్రం మీద రోల్ నంబరున్న ముక్క చింపి కోడ్ నంబరు వేయడం, దిద్దిన పేపర్ల మార్కులు ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు టాబ్యులేషన్ రిజిస్టరులోకి ఎక్కించడం, కొట్టివేత పడితే పక్కన పొట్టి సంతకం పెట్టడం, అన్నీ వరసగా చెప్పుకొచ్చారు. ఫ్యాను హోరులో డెబ్భై, యాభై ఒక్కలాగే వినిపిస్తాయట. అందుకని "ఏడు సున్నా", "అయిదు సున్నా" అని అంకెలు విడదీసి చదివేవారట. చెబుతూ చెబుతూ ఆయన చూపుడువేలు టేబుల్ మీద గడి తర్వాత గడి దిగుతూ పోయింది, అడుగుకి చేరాక మళ్లీ పైకి వెళ్లింది. అక్కడ రిజిస్టరు లేదు, వట్టి ప్లాస్టిక్ షీటు ఉంది. ఇలాంటివి రికార్డరుకి అందవు. పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, టైము వేసి, "వేలు కిందికి" అని రెండు ముక్కలు రాసుకో.

ప్రొఫెసర్లకీ ఇదే పద్ధతి. మొదటి క్లాసుకి ముందు రాత్రి ఏం తయారయ్యారు? చాక్‌పీసులు ఎవరిచ్చేవారు? సీనియర్ ప్రొఫెసర్ గదిలోకి వెళ్తే కూర్చోమనేవారా, నిలబెట్టి మాట్లాడేవారా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మొదటిసారి డిపార్ట్‌మెంటు తలుపు తీస్తే ఏం కనిపించింది? జవాబు మధ్యలో వాళ్లు ఆగిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకు. ఆ ఆగడంలో వాళ్లు గుర్తు తెచ్చుకుంటూ ఉంటారు.

తేదీలు తప్పు చెబుతారు. అప్పుడు సరిదిద్దబోకు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" రోజుల్లో, 1966 నవంబర్ 1న జరిగిన కాల్పుల్ని తీసుకెళ్లి 1972 నాటి జై ఆంధ్ర ఉద్యమంలో కలిపేసేవాళ్లు నీకు తప్పకుండా తగులుతారు. హాస్టల్లో వంట చేసిన మనిషికి ఆ రెండూ కలిసిపోవడంలో వింతేముంది? రెండుసార్లూ పిల్లలు రోడ్డెక్కారు, రెండుసార్లూ పాఠాలు ఆగాయి. తన మటుకు తనకి, పొయ్యి వెలిగిందా లేదా అన్నదే లెక్క. ఇటలీలో తెర్ని అని ఒక ఉక్కు పట్టణం ఉంది. అక్కడ 1949లో పోలీసుల చేతిలో చనిపోయిన ఒక యువ కార్మికుడు, ఏళ్ల తర్వాత అడిగితే, 1953లో మూకుమ్మడిగా ఉద్యోగాలు తీసేసిన గొడవల్లో చనిపోయాడని చాలామంది చెప్పారు. వాళ్ల గుండెకి ఎక్కువ గాయమైంది ఆ రెండో ఏడాదిలో. తేదీ తప్పినా, ఎందుకు తప్పిందన్నది కూడా చరిత్రే. పాత పేపర్లు చూసి అసలు తేదీ కింద నోట్‌లో వెయ్యి, పైన మాత్రం ఆ మనిషి చెప్పింది చెప్పినట్టే ఉంచు.

అలాగని కాగితం ఎప్పుడూ కరెక్టని కూడా అనుకోకు. ఎన్ఎమ్ఆర్ (నామినల్ మస్టర్ రోల్, అంటే రోజుకూలీల హాజరు పట్టీ) మీద రోజుకూలీగా చేరి, ఏళ్ల తరబడి ఊడ్చి, మోసి, తోట పని చేసి, ఎప్పటికో పర్మనెంట్ అయినవాళ్లున్నారు. వాళ్ల సర్వీసు రిజిస్టరులో చేరిన తేదీ అంటే పర్మనెంట్ అయిన తేదీయే. అంతకు ముందు పడ్డ చాకిరీ ఏ పుస్తకంలోనూ లేదు. ఆ మనిషి నోట ఉంది, నీ రికార్డరులోకి రావాలి. నీ పుస్తకంలో ఒక్క భాగమే మిగులుతుందంటే నేను ఈ భాగమే ఎంచుకుంటాను.

కులం గురించి, ఆడవాళ్లు పడ్డ ఇబ్బందుల గురించి ఎలా అడగాలని రాశావు. "వివక్ష ఉండేదా" అని అడిగితే "అబ్బే, అందరం ఒక కుటుంబంలా ఉండేవాళ్లం" అంటారు. మధ్యాహ్నం క్యారేజీ ఎక్కడ కూర్చుని, ఎవరితో కలిసి తినేవారో అడుగు. మంచినీళ్ల గ్లాసు అందరికీ ఒకటేనా అని అడుగు. క్వార్టరు ఏ ఏడు వచ్చిందో, తనకంటే వెనక చేరినవాళ్లకి ముందే వచ్చిందా అని అడుగు. మేడమ్‌లనైతే డిపార్ట్‌మెంటులో వాళ్లకి టాయిలెట్ ఎక్కడుండేదని అడుగు. ఆ ఒక్క ప్రశ్నకి కొందరు అరగంట చెబుతారు, వాళ్ల గొంతు కూడా మారిపోతుంది. ఎవరైనా "ఇది ఆపి వినమ్మా" అంటే వాళ్ల కళ్లెదుటే ఆపు. అలా విన్నది రాయకు, ఇంకొకరి దగ్గర అనకు.

అనుమతి కాగితం తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎక్కడ దాస్తావు, ఎవరు వింటారు, ఏ భాగం ఎన్నేళ్లు మూసి ఉంచాలి, పేరు ఉండాలా వద్దా, అన్నీ అందులో రావాలి. కింది స్థాయి ఉద్యోగుల్లో చాలామందికి ఒకే భయం: "దీనివల్ల నా పింఛనీకి ఏమైనా అవుద్దా?" ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకు. రాతప్రతి వాళ్లకి చదివి వినిపించి, తీసేయమన్నది తీసేశాకే బయటపెట్టు. బతికున్న మూడోమనిషి మీద ఆరోపణ వస్తే పేరు తీసెయ్యి.

రికార్డింగుకి పెద్ద సామాన్లేం అక్కర్లేదు. మన విశాఖ ఉక్కపోతలో ఫ్యాను ఆపమని ఎనభై ఏళ్ల మనిషిని అడగలేం, కాబట్టి కాలర్‌కి పెట్టే మైకు ఒకటి కొనుక్కో. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. మొదట్లోనే తేదీ, చోటు, ఇద్దరి పేర్లు పలుకు. ఫైలు వేవ్ ఫార్మాట్‌లో దాచి, అదే రాత్రి మూడుచోట్ల కాపీ చెయ్యి. గంటన్నర దాటనివ్వకు, అలసిపోతారు.

రాసేటప్పుడు మాత్రం చెయ్యి కట్టేసుకో. గంట మాటలు రాయడానికి ఆరేడు గంటలు పడుతుంది, ఆ విసుగులో భాష సాపు చేసేయాలనిపిస్తుంది. "ఆ బాబు మంచోడే గానీ ఫైలు ముట్టుకోనిచ్చీవోడు కాదు" అని ఒక అటెండరు అంటే, దాన్ని "ఆయన మంచివారే, కానీ ఫైళ్ల విషయంలో కఠినంగా ఉండేవారు" అని మార్చావనుకో, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆ మనిషి పోయాడు, ఎవరో గుమస్తా వచ్చి కూర్చున్నాడు. మన దగ్గర ఈ పని ఇంతకు ముందు మంచిగా జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్ని 1980ల్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు ఆ ఆడవాళ్ల నుడికారంతోనే అచ్చువేశారు. అవి తీసి చదువు. బెంగుళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ 2019లో ఆర్కైవ్స్ తెరిచింది. సైన్సు సంస్థలో పనిచేసిన మనుషుల మాటలు ఎలా దాస్తారో అక్కడ చూడొచ్చు.

పుస్తకం సంగతి ఇప్పుడే ఆలోచించకు. ముందు ఒక ల్యాబ్‌లో పనిచేసిన ప్రొఫెసర్ని, అదే ల్యాబ్‌లో అదే ఏళ్లలో పనిచేసిన అసిస్టెంటుని విడివిడిగా కూర్చోబెట్టి, ఒకే సంఘటన ఇద్దర్నీ అడుగు. రెండు కథలు కలవవు. కలపడానికి ప్రయత్నించకుండా రెండూ పక్కపక్కన టైపు చేసి నాకు పంపు. మార్జిన్ కొంచెం ఎక్కువ వదులు, పెన్సిల్‌తో రాసి వారంలోగా తిరిగి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు