బండి సందేహాలు: స్విఫ్ట్‌కు 16 అంగుళాల అల్లాయ్‌లు వేయించాలా?

ప్రశ్న: నాది 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ. కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14 టైర్లే ఇప్పటికీ ఉన్నాయి, బటన్లు (రోడ్డును తాకే రబ్బరు గడ్డలు) బాగా అరిగిపోయాయి. ఎలాగూ మారుస్తున్నాం కదా, 16 అంగుళాల అల్లాయ్‌లు, 195/55 టైర్లు వేయించమని మా బావమరిది పట్టుబడుతున్నాడు. బండి ఎత్తు పెరుగుతుందట, ఘాట్ రోడ్డులో గ్రిప్పు బాగుంటుందట. అన్నీ కలిపి 60 వేలు అడుగుతున్నారు. పాత రిమ్ములకే కొత్త టైర్లయితే 18 వేలల్లో అయిపోతుంది. పని మీద తరచూ చిత్తూరు వెళ్లొస్తుంటాను. నెలకోసారి అమ్మానాన్నలతో తిరుమల. నాన్నకు నడుం నొప్పి. ఏం చేయమంటారన్నా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: టైర్లు మార్చండి తమ్ముడూ, ఈ వారంలోనే మార్చండి. 16 అంగుళాల జోలికి మాత్రం పోవద్దు.

ముందు మీ బావమరిది చెప్పిన ఎత్తు సంగతి. 165/80 ఆర్14 అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. రిమ్ము 14 అంగుళాలు. పైన, కింద గోడలు కలిపి లెక్కేస్తే మొత్తం చక్రం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు వస్తుంది. 195/55 ఆర్16కీ ఇదే లెక్క వేయండి. అదీ 621 దగ్గరే ఆగుతుంది. బండి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. రిమ్ము పెరిగినంత మేరా రబ్బరు తగ్గింది, అంతే. 132 ఉన్న గోడ 107కు దిగింది.

ఆ పోయిన 25 మిల్లీమీటర్లే మీ నాన్నగారి నడుమును కాపాడేది. గుంతలో చక్రం పడినప్పుడు మొదటి దెబ్బ తినేది షాకబ్జార్బర్ కాదు, టైరు గోడ. అది పొట్టిదైతే దెబ్బ రిమ్ముకు, అక్కణ్ణించి సీటుకు వస్తుంది. వానలు తగ్గాక మా షెడ్డుకు గోడ ఉబ్బిన టైర్లతో వచ్చే కార్లలో ఎక్కువ భాగం ఇలా పెద్ద రిమ్ములు వేయించుకున్నవే. లోపలి దారాలు తెగి అలా బుడిపె లేచిందంటే ఆ టైరుకు పంచరు వేసి తిప్పే దారి లేదు, పారేయాల్సిందే. ఇనుప రిమ్ము వంగితే కొట్టి సరిచేస్తాం. అల్లాయ్ పగిలితే అతుకు వేసి వాడొద్దనే నేను చెబుతాను. అది కుటుంబం ఎక్కే బండి.

చిత్తూరు హైవే మీద మీకు పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. హైవే దిగి ఊళ్లలోకి తిరిగిన చోట, వానకు కొట్టుకుపోయిన కల్వర్టుల దగ్గర, రాత్రిపూట కనిపించని స్పీడ్ బ్రేకర్ల మీద తేడా తెలుస్తుంది.

ఇక గ్రిప్పు. ఇక్కడ మీ బావమరిది మాటలో సగం నిజముంది. వెడల్పు పెరిగి గోడ పొట్టిదైతే మలుపులో టైరు తక్కువ వంగుతుంది, స్టీరింగ్ చురుగ్గా అనిపిస్తుంది. కానీ తిరుమల కొండ మీద మీకు అంత వేగం అక్కర్లేదు, వెళ్లనివ్వరు కూడా. రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతాం, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో దిగుతాం. ఆ దిగే దారిలో వెనకాల అమ్మానాన్నలు కూర్చుని ఉండగా మీకు కావలసింది తడి రోడ్డు మీద పట్టు. అది రబ్బరు మెత్తదనం వల్ల, గాడుల లోతు వల్ల వస్తుంది. మీ టైర్లకు ఇప్పుడు ఆ రెండూ పోయాయి. గాడుల అడుగున చిన్న చిన్న అడ్డకట్లు ఉంటాయి, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. బటన్ వాటితో సమానమైతే ఆ టైరు రోడ్డు మీదికి రాకూడదు. నవంబరు వానల్లో గాడి లేని టైరు నీళ్లను పక్కకు తోయలేక నీళ్ల మీద తేలుతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా, స్టీరింగ్ తిప్పినా బండి వినదు. నాకు భయం అక్కడే. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను పట్టు మీద దిగండి. టైరు ఎంత మంచిదైనా బ్రేకు కాలితే చేసేదేమీ లేదు.

పెద్ద రిమ్ము, వెడల్పు టైరు కలిస్తే బరువు పెరుగుతుంది, అదీ చక్రం అంచుకు జరుగుతుంది. దాన్ని తిప్పడానికి ఇంజను, ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి. పికప్, మైలేజీ రెండూ కొంత తగ్గుతాయి. అల్లాయ్ అంటే తేలిక అని అందరూ అనుకుంటారు కానీ మార్కెట్లో దొరికే చవక సెట్లు మీ ఇనుప రిమ్ము కంటే బరువున్నవీ ఉంటాయి. కొనేముందు కాటా మీద పెట్టించి చూడొచ్చు, అందులో మొహమాటం ఏం లేదు.

మనసు అల్లాయ్ మీదే ఉంటే దానికీ దారి ఉంది. మీ మోడల్‌లోనే పై వేరియంట్ జెడ్‌ఎక్స్ఐకి కంపెనీ 185/65 ఆర్15 ఇచ్చింది. మొత్తం ఎత్తు 621, గోడ 120. స్పీడోమీటరు తేడా రాదు, ఫెండరుకు రాసుకోదు, నడుముకూ పెద్ద బాధ ఉండదు. రిమ్ము కొనేటప్పుడు నాలుగు నట్ల కొలత, అంటే నట్ల రంధ్రాల మధ్యల మీదుగా గీసిన వృత్తం అడ్డకొలత, 100 మిల్లీమీటర్లు ఉండాలి. నడిమి రంధ్రం హబ్బు మీద బిగుతుగా కూర్చోవాలి, వదులుంటే రింగు వేయించండి. లేకపోతే ఎంత బ్యాలెన్సింగ్ చేసినా స్టీరింగ్ వణుకు పోదు. రిమ్ము కంపెనీ దానికంటే బయటికి పొడుచుకొచ్చే రకం తీసుకోకండి, బేరింగులు తొందరగా పోతాయి. అల్లాయ్‌కు సరిపోయే నట్లే వాడాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

నేనైతే మీ స్థానంలో 14 అంగుళాల రిమ్ములే ఉంచి, ఆ సైజులో దొరికే మంచి రకం టైర్లు నాలుగూ వేయించి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయిస్తాను. 18 వేలు కాస్తా 22 వేలైనా ఇవ్వండి. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3219 అంటే 2019లో 32వ వారం. షాపులో ఏళ్ల తరబడి నిలవున్న సరుకు తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు.

ప్రశ్న: ప్రస్తుతానికి రెండు టైర్లకే డబ్బులున్నాయి. మాది ముందు చక్రాల డ్రైవ్ బండి, ముందువే ఎక్కువ అరిగాయి. కొత్తవి ముందే వేయించాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వెనక వేయించండమ్మా. వెనక మంచిగా ఉన్నవాటిని ముందుకు తెప్పించండి. తడి మలుపులో ముందు టైరు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు చేతికొస్తుంది. వెనకవి జారితే బండి తిరగబడినట్టు అడ్డంగా తిరుగుతుంది, దాన్ని పట్టడం అలవాటున్న డ్రైవరుకూ కష్టం. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ దారుల్లో వెళ్లే పని ఉంటే ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. మిగిలిన రెండూ అడ్డకట్ల దాకా అరిగి ఉంటే మాత్రం వాటితో ఘాట్ ఎక్కకండి. డబ్బు సర్దుబాటు అయ్యేదాకా ఆ ప్రయాణం బస్సులో చేయండి.