ఆక్సోలాటిల్‌కి ఇల్లు కట్టేముందు

చిన్నీ,

ఆక్సోలాటిల్స్, అదే ఎప్పటికీ నీళ్లలోనే బతికే ఆ బల్లి ఆకారపు ఉభయచరాలు, రెండు పెంచుకుంటానన్నావు, సంతోషమే. కానీ అవి రావడానికి రెండు నెలల ముందే తొట్టి ఇంటికి రావాలి.

అందరూ ముందు గాజు తొట్టి ధర అడుగుతారు. హైదరాబాదులో ముందు చూసుకోవాల్సింది నీళ్ల వేడి. ఇవి మెక్సికో సిటీ దక్షిణ భాగంలో, సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్న సొచిమిల్కో కాలువల జీవులు, వాటి ఒంటికి చల్లటి నీళ్లే అలవాటు. 16 నుంచి 18 డిగ్రీలైతే హాయిగా ఉంటాయి, 20 దాకా ఫర్వాలేదు, 24 దాటి అలాగే ఉండిపోతే తిండి మానేస్తాయి, తల పక్కన బయటికుండే మొప్పల మీద దూదిపింజల్లా బూజు పడుతుంది. మే నెలలో మన బకెట్లో నీళ్లే ఎలా ఉంటాయో నీకు తెలుసు. ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుందేమో, ఐసు సీసాలు వేస్తే చల్లబడ్డం, మళ్లీ వేడెక్కడం, ఆ ఊగిసలాట వాటికి ఇంకా చెరుపు. నీళ్లు చల్లబరిచే యంత్రం, చిల్లర్, కొనాల్సిందే. తొట్టి కంటే ఎక్కువే అవుతుంది, అది కుదరకపోతే ఈ ఆలోచన మానుకో, ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను.

తొట్టికి ఎత్తు కంటే నేల ముఖ్యం, ఇవి అడుగునే నడుస్తాయి కదా. రెండింటికీ మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండాలి. అడుగు ఎత్తున పోస్తే నీళ్లే 125 కిలోల దాకా తూగుతాయి, స్టాండు గట్టిది చూడు. పైన మూత తప్పనిసరి, ఎగిరి బయట పడతాయి. అడుగున రంగురాళ్లు వద్దమ్మా. తినేటప్పుడు చూడు, వానపాము దగ్గరికి రాగానే నోరు టక్కున తెరిచి చుట్టూ ఉన్న నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది, పక్కన గులకరాయి ఉంటే అదీ పోతుంది, పేగులో అడ్డుపడుతుంది. ఉత్త గాజు అడుగైనా సరే, లేదా సన్నటి ఇసుక.

స్పాంజ్ ఫిల్టర్ చాలు. నీటి ఒరవడి ఎక్కువైతే మొప్పలు ముందుకు వంగిపోతాయి, అది గమనిస్తూ ఉండు. రెప్పలుండవు కాబట్టి లైటు తక్కువ, దాక్కోవడానికి రెండు గొట్టాలు.

ఇక నీళ్లు. క్లోరిన్ తీసే మందు కలిపి, ఫిల్టర్ నడిపి, కొద్దిగా అమ్మోనియా వేసి పరీక్షిస్తూ పో. వాటి వ్యర్థాల్లోంచి వచ్చే విషం అమ్మోనియా, దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో పెరగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో సున్నాకి వచ్చి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తేనే వాటిని తేవాలి. ఆర్వో నీళ్లు మాత్రం పోయకు, వాటికి ఖనిజాలు కావాలి.

చేపల్ని కలపకు, అవి వీటి మొప్పలు కొరికేస్తాయి.

బిల్లు దాచు, తెచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో వీటిని నమోదు చేయాలి. కరెంటు పోయినప్పుడు చిల్లర్‌కి ఏ ఏర్పాటు ఉందో నాకు రాయి, అది తేలాకే అడ్వాన్సు ఇవ్వు.

మీ అత్త