పొట్టలోకి సాహసయాత్ర రాసే మా అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన కథ చదివాను. చిట్టి అనే పిల్ల మినపగింజంత అయిపోయి తమ్ముడి అన్నం ముద్దలో పడటం దాకా ఊపిరి బిగపట్టి చదివించావు, కానీ పొట్టలోకి వెళ్ళగానే డాక్టర్ తాతయ్య ప్రత్యక్షమై పేజీ నిండా లెక్చర్ ఇచ్చాడు చూడు, అక్కడ ఏ పిల్లాడైనా పుస్తకం పక్కన పడేసి ఆడుకోడానికి పోతాడు. ఏళ్ళ తరబడి బడిలో బయాలజీ చెప్పి, పిల్లలకి కథలు రాస్తూ వచ్చినదాన్ని కాబట్టి చనువుగా చెప్తున్నా. ఆ తాతయ్యని తీసేయ్. ఒంటి గురించి నువ్వు చెప్పాలనుకున్న ప్రతీదీ చిట్టికి ఎదురయ్యే ఆపద అవ్వాలి, లేదా ఆపదలోంచి బయటపడే దారి అవ్వాలి. ఈ రెండూ కాని సమాచారం ఎంత గొప్పదైనా ఈ కథకి వద్దు.

గొంతు సీనే తీసుకో. అక్కడ రెండు దార్లు, ఒకటి అన్నానికి, ఒకటి గాలికి, మింగేటప్పుడు గాలి దారి మీద చిన్న మూత పడుతుంది (నువ్వు దాన్ని కొండనాలుక అని రాశావు, అది కాదమ్మా, కొండనాలుక నోరు తెరిస్తే వెనకాల వేలాడుతూ కనబడేది, ఈ మూత ఇంకా కిందకి ఉంటుంది, అద్దంలో చూస్తే కనబడదు). తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని పకపకా నవ్వాడనుకో, మూత పడేలోపే చిట్టి గాలి దారిలోకి జారుతోంది, ఇంతలో కింద నుంచి పెద్ద హోరు, ఒక్క దగ్గుతో పిల్ల మళ్ళీ నోట్లోకి ఎగిరి పడింది! బయట నాయనమ్మ వాడి మాడు మీద తట్టి "పొలమారిందా నాన్నా, ఎవరో తలుచుకుంటున్నారు" అంటుంది. ఇక తినేటప్పుడు మాట్లాడకూడదు అని నువ్వు ఒక్క ముక్క కూడా రాయక్కర్లేదు.

పొట్టలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉంటుందని రాసి వదిలేశావు. మరి అంత ఆసిడ్ ఉంటే పొట్ట గోడ ఎందుకు కరిగిపోవట్లేదు అని పిల్లలు తప్పకుండా అడుగుతారు, నీ కథకి కావాల్సింది ఆ ప్రశ్నే. గోడ మీద జిగట పొర ఒకటి ఉంటుంది, అదే కాపాడుతుంది, చిట్టి ఆ జిగటలోకి దూరి ఒళ్ళంతా పూసుకుని బతికిపోతుంది. తర్వాత చిన్నపేగు, పెద్దవాళ్ళలో అయితే సుమారు 6 మీటర్లు, ఆ లెక్క చెప్పకుండా నాయనమ్మ కట్టుకునే చీర కంటే పొడవు అను, చాలు, కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.

ఒక్కచోట మాత్రం కథ ఆపి పిల్లలతో పని చేయించు. కూర కలపని తెల్లన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా నముల్తూనే ఉండమను. కాసేపటికి మెల్లగా తీపి తెలుస్తుంది, లాలాజలం అన్నంలోని పిండిని చక్కెరగా మార్చేస్తోంది కాబట్టి. మా క్లాసులో ఈ పని చేయించినప్పుడు నముల్తూ నముల్తూ ఒక్కసారిగా పక్కవాడి మొహంలోకి చూసేవాళ్ళు, నీకూ తీపిగా ఉందా అన్నట్టు.

ఇప్పుడు తిండి సంగతి. నువ్వు పెట్టిన పిజ్జా రాక్షసుడు, చాక్లెట్ దెయ్యం నాకు అస్సలు నచ్చలేదు. పుట్టినరోజుకి కేక్ తిన్న పిల్ల రాత్రి భయపడి ఏడిస్తే ఏం లాభం చెప్పు? దాని బదులు పంటి మీద బ్యాక్టీరియా చక్కెర తిని ఆసిడ్ వదలడం, పన్ను కరగడం ఉన్నది ఉన్నట్టు చూపించు, అదే పెద్ద ఆపద. అలాగే మంచి తిండి అంటే యాపిల్, బాదం, బ్రోకలీ అని రాయకు, చాలా ఇళ్ళల్లో అవి కొనలేరు. రాగి జావ, మునగాకు, బడిలో పెట్టే గుడ్డు, పెరట్లో తోటకూర, వీటితో హీరోని గెలిపించు. మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, నాకు అది తల్చుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది, అందుకే ఐరన్ కథ నువ్వు రాసి తీరాలి. రక్తంలోని ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది, కొత్తవి ఎముకల లోపలి మూలగలో తయారవుతూ ఉండాలి, నీ కథలో ఐరన్ లేక అక్కడ పని మందగించింది, తమ్ముడు రెండు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. చిట్టి లోపల్నుంచి కబురు పంపితే అమ్మ తోటకూర వేపుడు చేసి, పొయ్యి మీంచి దింపాక నిమ్మకాయ పిండుతుంది. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే ఆ పులుపు సాయం చేస్తుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే మాత్రం అడ్డం పడుతుంది.

బొమ్మలేసే అబ్బాయికి చెప్పు, గుండె మరీ ఎడమ చేతి పక్కకి కాదు, ఛాతీ మధ్యలో, కొస కొంచెం ఎడమకి వాలి ఉంటుంది. రక్తం ఎక్కడా నీలంగా ఉండదు, కొన్నిచోట్ల ముదురు ఎరుపు, అంతే. అచ్చుకిచ్చే ముందు ఒక డాక్టరుకి చూపించు, మూడు నాలుగు తరగతుల పిల్లలకి పైకి చదివి వినిపించు, వాళ్ళు ఎక్కడ పక్కకి చూశారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో, ఆ పేరా కొట్టేయ్.

రెండో భాగం అయ్యాక పంపు, చిట్టిని కిడ్నీల్లోంచి ఎలా బయటికి తెస్తావో చూడాలని ఉంది.

మీ పెద్దమ్మ