ఎడారి విల్లో నాటబోతున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

మా అరిజోనాలోనే, ఫీనిక్స్‌లో కొత్త ఇంటి ముందు ఎడారి విల్లో నాటబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ నేలలో సహజంగా పెరిగే చెట్టునే ఎంచుకున్నావని ఎంత పొంగిపోయానో! ఆ తరువాత, దానికి నీళ్లు ఎక్కువ పోస్తావేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు తులసికోటలో చెంబుల కొద్దీ నీళ్లు పోసి బురద చేసేదానివి, గుర్తుందా?

ఎండ బాగా పడేచోట, నీరు తొందరగా ఇంకే నేలలో నాటు. ఆ మాత్రం నీకు తెలుసు.

పేరును మాత్రం నమ్మకు. ఆకు సన్నగా, పొడవుగా ఉందని విల్లో అన్నారు గానీ, విల్లోలతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. శాస్త్రీయ నామం కైలాప్సిస్ లీనియారిస్. కైలాప్సిస్ అనే ఆ ప్రజాతిలో ఇదొక్కటే జాతి. కుటుంబం బిగ్నోనియేసి. మన వీధి చివర రాలిన పూలు ఏరి, పొడవాటి కాడలు జడలా అల్లుకునేవాళ్లం కదా, ఆ ఆకాశమల్లెది కూడా ఇదే కుటుంబం.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. టూసాన్ వచ్చిన కొత్తలో మీ పెదనాన్న ఒక మొక్క నాటారు. విల్లో అంటే ఏటి ఒడ్డు చెట్టే కదా అని రోజూ రెండు బకెట్లు పోశాను. చలికాలంలో ఆకులన్నీ రాలిపోయాయి. ఏటా ఆకు రాల్చడం దాని స్వభావమని తెలియక, దాహమేమోనని నాలుగు బకెట్లు చేశాను. మార్చిలో పట్టుకుని కదిపితే మొక్క చేతికి ఊడి వచ్చింది. వేళ్లు నల్లగా, మెత్తగా, కుళ్లు వాసన కొడుతున్నాయి. మీ పెదనాన్న ఒక్క మాట అనలేదు. గుంట పూడ్చి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లారు. తిట్టినా బాగుండేది తల్లీ.

ఇది ఎండిన వాగుల వెంట పెరిగే చెట్టు. లోతున ఉన్న తడిని వేళ్లతో తానే వెతుక్కుంటుంది. మొదటి వేసవిలో మాత్రం లోతుగా తడుపు, మట్టి ఆరనిచ్చి మళ్లీ తడుపు. రోజూ పోశావంటే ఊరుకోను.

ఆయన రెండోసారి నాటిన చెట్టు ఇప్పుడు మా వంటింటి కిటికీ దాటింది. దాని కాయలు పంపుతున్నాను. జానెడు కాయ విప్పితే రెండు చివరలా తెల్లటి నూగున్న విత్తనాలు ఉంటాయి. నిలవ ఉంటే మొలవవు, ఈ వసంతంలోనే వేసుకో.

జనవరిలో కొమ్మలు ఎండుపుల్లల్లా కనబడి నీకు కంగారు పుడుతుంది. గొట్టం ముట్టుకోకముందు గోటితో బెరడు కాస్త గీరి చూడు. కింద పచ్చగా ఉంటే నాకు ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ